తీర్పు మనదే, పొలం మాత్రం ఇంకా వాళ్ల చేతిలోనే

చీపురుపల్లి దగ్గర ఒక పల్లెలో పుట్టి, పెళ్లయ్యాక పొందూరు వైపు కాపురం ఉంటున్న ఒక సోదరి రాసిన పెద్ద ఉత్తరం ఇది. పేర్లు, ఊళ్లు బయటపెట్టవద్దని కోరారు. విషయం క్లుప్తంగా చెబుతాను.

వాళ్ల నాన్నగారు జూట్ మిల్లులో పనిచేసేవారు. ఊళ్లో ఎకరా 40 సెంట్ల పల్లం ఉండేది. మిల్లు డ్యూటీలతో సాగు కుదరక, వరసకు తమ్ముడయ్యే ఆయన్ని చేసుకోమని నోటి మాట మీద ఇచ్చారు. కొన్నేళ్లు ఆయన గింజలు కొలిచారు కూడా. మిల్లు మూతపడి నాన్నగారు ఊరికి తిరిగొచ్చి పొలం అడిగేసరికి, అది తమ వాటాకి వచ్చిందేనని చిన్నాన్న అడ్డం తిరిగారు. 2006లో దావా వేశారు. భూమి నాన్నగారిదేననీ, స్వాధీనం చెయ్యాలనీ 2013లో డిక్రీ వచ్చింది. చిన్నాన్న వేసిన అప్పీలును జిల్లా కోర్టు 2018లో కొట్టేసింది. 2019లో డిక్రీ అమలు కోసం ఈపీ (ఎగ్జిక్యూషన్ పిటిషన్) వేశారు. 2020లో నాన్నగారు పోయారు. 2022లో చిన్నాన్న కూడా పోయారు. ఇప్పుడు ఆయన కొడుకులిద్దరూ ఆ పొలంలో ఏటా ఉభాలు (వరి నాట్లు) వేస్తున్నారు, కోతలు కోసుకుంటున్నారు.

మధ్యలో ఒకసారి కోర్టు అమీనా (కోర్టు ఆర్డర్లు అమలు చేసే ఉద్యోగి) పొలం మీదికి వెళ్తే, కోడళ్లు గట్టు మీద పడుకుని అడ్డుపడ్డారు. అమీనా తిరిగి వచ్చేశారు. ఆ తర్వాత చిన్నాన్న కూతురు "2009లో నా పెళ్లికి మా నాన్న ఈ పొలం పసుపు కుంకుమ కింద ఇచ్చాడు" అంటూ కోర్టులో పిటిషన్ వేసింది. ఊళ్లో రీసర్వే జరిగి పొలానికి కొత్త నంబరు పడింది, రికార్డులో చిన్నాన్న కొడుకుల పేర్లు ఎక్కాయి. లాయరు గారు ఫోన్ ఎత్తరు. ఎత్తినా వాయిదా పడిందంటారు తప్ప ఎందుకు పడిందో చెప్పరు. విశాఖలో ఉంటున్న అన్నయ్య, డిక్రీ ఉంది కదా, కోతలయ్యాక ట్రాక్టరూ మనుషులూ తీసుకెళ్లి దున్నేద్దాం అంటున్నాడు. అవతలివాళ్లేమో 60 సెంట్లు వదిలేస్తాం, కేసు మానుకోండి అని పెద్దమనుషులతో కబురు పంపారు. హైదరాబాదులో సెంట్రింగ్ పనిచేసే భర్త, దానికి ఒప్పుకుని బయటపడదాం అంటున్నాడు. తల్లి ఈమె దగ్గరే ఉంటోంది. వాయిదాకి వెళ్లి వచ్చినప్పుడల్లా "కోర్టోళ్లు ఏటన్నారమ్మా?" అని అడుగుతుందట.

"కేసు గెలిచి కూడా ఓడిపోయినట్టే ఉంది. ఈ తీర్పు ఉత్త కాగితమేనా? ఈ టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఎవరి మాట వినాలో చెప్పండి" అని రాశారు.

అమ్మా,

ముందు మీ నిద్ర చెడగొడుతున్న ప్రశ్నకే జవాబు. మీ నాన్నగారి తీర్పు ఉత్త కాగితం కాదు. స్వాధీనం డిక్రీని అమలు చేయించుకోవడానికి లిమిటేషన్ చట్టం 12 ఏళ్ల గడువిచ్చింది. అప్పీలు జరిగిన కేసుల్లో ఆ గడువును అప్పీలు తీర్పు తేదీ నుంచి లెక్కపెడతారు. అంటే మీకు 2030 దాకా ఉంది. ఈపీ ఆ గడువులోపలే వేశారు కూడా. ఒకవేళ ఏదో ఒక వాయిదాకి ఎవరూ హాజరుకాక దాన్ని కొట్టేసి ఉన్నా, గడువు ఉన్నంతవరకు కొత్తగా ఇంకో ఈపీ వేసుకోవచ్చు. హక్కు మీ చేతిలోనే ఉంది. ఆగింది హక్కు కాదు, ఈపీ. అది ఎక్కడ ఆగిందో మీకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాక నాకు అన్నిటికంటే బాధ కలిగించింది అదే.

ఈ బాధ మీ ఒక్కరిదే అనుకోకండి. మన దేశంలో కక్షిదారు కష్టాలు డిక్రీ వచ్చాకే మొదలవుతాయని లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ 1872లోనే రాసింది. ఈపీని వేసిన నాటి నుంచి 6 నెలల్లో తేల్చాలనీ, అంతకు మించితే కారణం రాతపూర్వకంగా చూపాలనీ సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్‌లో ఆదేశించింది. 2025 మార్చిలో తమిళనాడు భూమి కేసు ఒకటి విచారిస్తూ అదే మాట మళ్లీ చెప్పి, దేశమంతటా పెండింగ్ ఈపీల లెక్క తెప్పించమని హైకోర్టులను అడిగింది. ఆ లెక్క అక్టోబరులో వచ్చింది. అప్పటికి 8 లక్షల 82 వేలకు పైగా ఈపీలు పెండింగ్‌లో ఉన్నాయని తేలింది.

6 నెలల నియమం ఉన్నా మీ ఈపీ ఇన్నేళ్లు ఎందుకు సాగింది? కింది కోర్టులో ఒకే జడ్జి గారు దావాలూ చూడాలి, ఈపీలూ చూడాలి, చాలాచోట్ల క్రిమినల్ కేసులూ చూడాలి. జడ్జి గారు బదిలీ అయితే కొత్తవారు వచ్చేదాకా వాయిదాలే. అది ఒక భాగం. రెండో భాగం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. దావాలో గెలిచాక లాయరు గారికీ మనకీ కూడా పని అయిపోయినట్టే ఉంటుంది. ఈపీ మాత్రం ప్రతి మెట్టులోనూ మనం అడిగితేనే కదులుతుంది. నోటీసుకి బత్తా, అంటే దాన్ని పంపే ఖర్చు, కట్టాలి. చనిపోయినవారి వారసుల పేర్లు చేర్చాలి. అమీనాకి తేదీ తీసుకోవాలి. అడ్డుపడితే దాని మీద పిటిషన్ వెయ్యాలి. వీటిలో ఏ ఒక్కటి మిగిలిపోయినా కేసు అక్కడే నిలబడుతుంది. అవతలివాళ్లకు కావలసింది కూడా అదే. ప్రతి వాయిదా వాళ్లకు ఇంకో పంట.

మీ కేసులో ముడి ఎక్కడెక్కడ పడి ఉండొచ్చో మీరు రాసిన వివరాల్ని బట్టి చెబుతాను.

నాన్నగారు పోయినప్పుడు ఏవో కాగితాల మీద సంతకాలు పెట్టానని రాశారు. అవి వారసుల్ని ఈపీలో చేర్చే కాగితాలే అయితే మంచిదే. కాకపోతే చనిపోయిన మనిషి పేరు మీద ఈపీ నడుస్తున్నట్టు. డిక్రీ పొందినవారు పోయినంతమాత్రాన ఈపీ రద్దయిపోదు. దావాల్లో ఉండే ఆ నియమం ఈపీలకు వర్తించదని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 22 రూల్ 12 చెబుతుంది. కానీ మీ అమ్మగారు, అన్నయ్య, మీరు రికార్డులోకి రాకుండా పొలం ఎవరికి అప్పగించాలన్న ప్రశ్న తేలదు. అలాగే చిన్నాన్న పోయాక ఆయన వారసులందరినీ చేర్చి, వాళ్లకు నోటీసు ఇవ్వాలి. అందరినీ అంటే కొడుకులు మాత్రమే కాదు. భార్య ఉంటే భార్య, ఆ పిటిషన్ వేసిన కూతురు కూడా వారసురాలే. ఒక్క పేరు వదిలేసినా ఆ పేరుతోనే రేపు ఇంకో పిటిషన్ వస్తుంది.

ఇక ఆ పసుపు కుంకుమ పిటిషన్. ఇది చూసి మీరు చాలా భయపడినట్టున్నారు. నాకైతే కాగితం మీద ఇది వాళ్ల బలహీనమైన వాదన అనిపిస్తోంది. తేదీలు చూడండి. దావా 2006లో పడింది. ఆమె తనకు ఇచ్చారంటున్నది 2009లో. కోర్టులో తగాదా నడుస్తున్న భూమిని మధ్యలో ఎవరు ఎవరికి ఇచ్చినా, పుచ్చుకున్నవారు ఆ కేసు తీర్పుకి కట్టుబడాల్సిందే. ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ చెప్పేది అదే. ఆ సెక్షన్ ప్రకారం కేసు నడుస్తున్నట్టు లెక్క తీర్పు రోజుతో ఆగదు, డిక్రీ పూర్తిగా అమలయ్యేదాకా ఉంటుంది. దావా నడుస్తుండగా ప్రతివాది దగ్గర పుచ్చుకున్నవాళ్లకు, డిక్రీ అమలును అడ్డుకునే హక్కు ఆర్డర్ 21 ఇవ్వలేదు. 102వ రూలులో ఆ సంగతి స్పష్టంగా ఉంది. దానికి తోడు, భూమి లాంటి స్థిరాస్తిని దానంగా ఇవ్వాలంటే రిజిస్టరు దస్తావేజు ఉండాలి. అది ఉందా లేదా అన్నది మీ లాయరు గారిని అడగండి. అసలు హక్కే మీ చిన్నాన్నది కాదని రెండు కోర్టులు చెప్పాక, లేని హక్కును ఆయన కూతురికి ఎలా ఇస్తారు?

అయినా ఆ పిటిషన్‌ను పట్టించుకోకుండా వదలకూడదు. ఈపీలో ఎవరైనా హక్కు ఉందంటూ అడ్డొస్తే, ఆ హక్కు సంగతి ఈపీ విచారిస్తున్న కోర్టే తేల్చాలి, దానికోసం వేరే దావా అక్కర్లేదని రూల్ 101 చెబుతోంది. అందుకని మీ తరఫున కౌంటరు, అంటే రాతపూర్వక జవాబు, పడాలి. 2006 దావా కాపీ, రెండు తీర్పులు, ఆమె పెళ్లి తేదీ అన్నీ అందులో రావాలి. కౌంటరు వెయ్యకపోవడం వల్లే ఆ పిటిషన్ ఏళ్ల తరబడి అలా ఉండిపోయిందేమో ముందు చూడండి. అది కొట్టేశాక ఆమె అప్పీలుకు వెళ్లొచ్చు, ఎందుకంటే ఆ ఆర్డరుకు డిక్రీతో సమానమైన విలువ ఉంది. కానీ అప్పీలు వేసినంతమాత్రాన స్టే వచ్చినట్టు కాదు. ఆర్డరు వచ్చే సమయానికే పై కోర్టులో మీ తరఫున కేవియెట్ వేయించండి. అది 90 రోజులు ఉంటుంది. మీకు చెప్పకుండా, మీ మాట వినకుండా స్టే ఇచ్చే అవకాశాన్ని అది చాలావరకు ఆపుతుంది.

గట్టు మీద పడుకున్న కోడళ్ల సంగతి వేరు. వాళ్లు చిన్నాన్న కుటుంబం. వాళ్ల హక్కేదైనా ఆయన ద్వారా రావాల్సిందే కాబట్టి డిక్రీ వాళ్లకీ వర్తిస్తుంది. ఆడవాళ్లు ఏడుస్తూ అడ్డం పడితే అమీనా ఒక్కడూ ఏమీ చెయ్యలేడు, చెయ్యాలని కూడా అనుకోకూడదు. ఆయన అడ్డుపడ్డారని రిపోర్టు రాసి ఉంటే, ఆ రిపోర్టే మీకు ఆధారం. దాన్ని పెట్టి పోలీసు సహాయం కోసం పిటిషన్ వెయ్యాలి. మహిళా కానిస్టేబుళ్లు కావాలని అందులోనే అడగాలి. అడ్డంకి తొలగించమని అడగడానికి అడ్డుపడిన రోజు నుంచి 30 రోజుల గడువుంది. అది దాటిపోయి ఉంటే కొత్తగా డెలివరీ వారంటు తీసుకుని మళ్లీ వెళ్లే దారి ఉంటుంది. కోర్టు ఆర్డరు వచ్చాక కూడా అడ్డుపడితే, అడ్డుపడినవారిని 30 రోజుల వరకు సివిల్ జైలుకు పంపే అధికారం కోర్టుకుంది. ఆ మాట మీరు చెప్పక్కర్లేదు. ఆర్డరులో చూసుకుంటే వాళ్ల లాయరే వాళ్లకు చెబుతారు.

రీసర్వే విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి. మన రాష్ట్రంలో 2020 డిసెంబరులో రీసర్వే మొదలయ్యాక, అది పూర్తయిన ఊళ్లలో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. మీ డిక్రీలో ఉన్నది పాత నంబరు. అమీనా పొలం మీదికి వెళ్లి ఈ నంబరు గల భూమి కనబడలేదని రాస్తే మళ్లీ మొదటికి వచ్చేస్తారు. గ్రామ సచివాలయంలో సర్వేయరును కలిసి, పాత నంబరులోని మీ భూమి ఏ ఎల్‌పీఎం నంబరు కింద పడిందో చూపే కాగితం కోసం అర్జీ పెట్టండి. అమీనాతో పాటు మండల సర్వేయరు కూడా వెళ్లి హద్దులు చూపేలా ఆర్డరివ్వమని కోర్టును అడగాలి. రికార్డులో వాళ్ల పేర్లు ఎక్కినంతమాత్రాన భూమి వాళ్లది అయిపోదు, సివిల్ కోర్టు డిక్రీదే పైచేయి. కానీ ఆ పేర్లు చూపించి వాళ్లు అప్పు తెచ్చుకోవచ్చు, తెలియనివాళ్లకు అమ్మనూ వచ్చు. రెండు తీర్పుల సర్టిఫైడ్ కాపీలు జతచేసి పేర్లు సరిచేయమని తహసీల్దారుకు అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. కాదంటే ఆర్డీవో దగ్గర అప్పీలుంది. ఏడాదికోసారి ఈసీ (భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీసి చూసుకుంటూ ఉండండి.

ఇవన్నీ తెలియాలంటే లాయరు గారు ఫోన్ ఎత్తేదాకా ఆగాల్సిన పని లేదు. మీ ఫోన్లో ఈకోర్ట్స్ యాప్ వేసుకోండి. కేసుకి 16 అక్షరాలూ అంకెలూ కలిసిన సీఎన్‌ఆర్ నంబరు ఉంటుంది. అది కొడితే ఏ వాయిదాకి ఏం జరిగిందో, వచ్చే వాయిదా దేనికో కనబడుతుంది. బత్తా కోసమా, కౌంటరు కోసమా, అమీనా రిపోర్టు కోసమా అన్నది చూస్తే సగం సందేహం తీరిపోతుంది. మీ అబ్బాయో అమ్మాయో చదువుకుంటుంటే వాళ్లకు అప్పగించండి. అది చూసుకుని లాయరు గారి ఆఫీసుకి స్వయంగా వెళ్లి, "కౌంటరు ఎప్పుడు వేస్తారండీ?" అని అడగండి. ఏమైందండీ అని అడిగితే వాయిదా పడిందన్న జవాబే వస్తుంది. ఫలానా పని ఎప్పుడు అని అడిగితే తేదీ చెప్పక తప్పదు. అప్పటికీ కదలకపోతే మార్చుకోవచ్చు. గౌరవంగానే అడిగి ఎన్‌ఓసీ, కేసు కట్టా తీసుకోండి. ఇవ్వనంటే కోర్టు అనుమతితో కొత్త వకాల్తా వేయించవచ్చు. మీరు మహిళ కాబట్టి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం మీ హక్కు. కేసు ఉన్న జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు చేసుకోండి. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. ఉచితం అనగానే తక్కువ చూపు చూడకండి, ఫీజు బాకీ భయం లేకుండా నడవడం మీకు పెద్ద ఊరట.

ఇప్పుడు మీ ఇంట్లో నలుగుతున్న మాటలు. అన్నయ్య గారి కోపం నాకు అర్థమవుతోంది. నాన్న మంచంలో ఉండగా కూడా ఆ పొలం గురించే అడిగారని మీరు రాశారు. అది చూసిన కొడుకుకి ట్రాక్టరు గుర్తుకు రావడంలో వింత లేదు. కానీ డిక్రీ ఉన్నా, స్వాధీనం కోర్టు ద్వారానే తీసుకోవాలి. మనుషుల్ని వేసుకుని దిగితే ఏం జరుగుతుందో ఆలోచించండి. గట్టు మీద మళ్లీ అదే ఆడవాళ్లు ఉంటారు. ఒక్కరికి దెబ్బ తగిలినా అన్నయ్య మీద క్రిమినల్ కేసు పడుతుంది, ఉద్యోగమో వ్యాపారమో దెబ్బతింటుంది. అంతటితో ఆగదు. చట్టప్రకారం కాకుండా స్వాధీనం కోల్పోయినవారు, హక్కు ఎవరిదన్నదానితో పని లేకుండా, 6 నెలల్లోపు దావా వేసి పొలం తిరిగి పొందే వీలు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్‌లో ఉంది. పన్నెండేళ్లు పోరాడి గెలిచిన మీరు ఆ కేసులో ప్రతివాదులవుతారు. రెండు తీర్పులతో మీకున్న బలాన్ని ఒక్క పూటలో వాళ్ల చేతికి ఇచ్చినట్టవుతుంది. దీన్ని అన్నయ్యకి మీరు ఒంటరిగా చెప్పకండి, లాయరు గారి దగ్గర కూర్చోబెట్టి చెప్పించండి. ఆయన ఆవేశానికి ఒక పని కూడా ఇవ్వండి. సర్వేయరు చుట్టూ, తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగే పని ఆయనది అనండి.

మీవారి మాటను పిరికితనం అనుకోవద్దు. హైదరాబాదులో రోజు కూలి వదులుకుని వాయిదాలకు వచ్చే మనిషికి ఈ కేసు ఖర్చు మీకంటే బాగా తెలుసు. రాజీ తప్పు కాదు, ఓటమీ కాదు. అయితే ఎకరా 40 సెంట్లలో 60 సెంట్లు అన్నది ఓడిపోయినవాళ్లు గెలిచినవాళ్లకు పంపే లెక్కలా లేదు. వాళ్లు అంత తక్కువ చెప్పడానికి కారణం ఈపీ కదలకపోవడమే. కౌంటరు పడి, వారసుల పేర్లు చేరి, పోలీసు సహాయం పిటిషన్ మీద ఆర్డరు దగ్గరపడితే ఆ కబురు మారుతుంది. ఇంకో విషయం. మీ డిక్రీలో, పొలం వాళ్లు అనుభవించిన కాలానికి నష్టపరిహారం గురించి వేరుగా పిటిషన్ వేసుకోమని రాసి ఉందేమో చదివించండి. మెస్నే ప్రాఫిట్స్ అంటారు దాన్ని. ఉంటే, ఇన్నేళ్ల పంట లెక్క కూడా మాటల్లోకి వస్తుంది. దాన్ని పూర్తిగా వసూలు చెయ్యాలని కాదు, రాజీకి కూర్చున్నప్పుడు వదులుకోవడానికి మీ దగ్గర కూడా ఏదో ఒకటి ఉండాలి కదా.

రాజీకి సిద్ధపడితే ఎక్కడ కూర్చోవాలన్నది ముఖ్యం. రామమందిరం అరుగు మీద పెద్దమనుషుల ముందు మాట్లాడుకోవడం మంచిదే, కానీ అక్కడ రాసుకున్న కాగితంతో ఆగితే చిక్కే. కోర్టు బయట చేసుకున్న ఒప్పందాన్ని ఈపీ నడుస్తున్న కోర్టులో నమోదు చేయించకపోతే ఆ కోర్టు దాన్ని లెక్కలోకి తీసుకోదు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. పొలమో డబ్బో చేతికి రాకముందే డిక్రీ తీరిపోయిందని మీరు సంతకం పెడితే ఈపీ మూసేస్తారు, తర్వాత అడగడానికి ఏమీ ఉండదు. అందుకని లోక్ అదాలత్‌లో కూర్చోండి. అక్కడ ఇచ్చే అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు. ఏ భాగం ఎవరిది అన్నది సర్వేయరు కొలిచి, హద్దు రాళ్లు వేసి, నక్షా జతపరిచాకే సంతకాలు పెట్టండి. నీళ్ల దారి ఎటు, బండి దారి ఎటు అన్నది కూడా రాయించండి. పల్లం భూమిలో మంచి మడి వాళ్లు ఉంచుకుని చివర మెరక ముక్క మీకు ఇస్తే అది రాజీ కాదు. మీ అమ్మగారు, అన్నయ్య, మీరు ముగ్గురూ ఒప్పుకుంటేనే అది నిలుస్తుంది. మీ ఒక్కరి సంతకంతో గానీ ఆయన ఒక్కడి సంతకంతో గానీ పని జరగదు.

ఆ పొలం మీద ఆ అన్నదమ్ముల కుటుంబాలు ఎంత ఆధారపడి ఉన్నాయో మీరు రాయలేదు. వాళ్లకు వేరే భూమి ఉంటే ఒక రకం, ఇదొక్కటే బతుకుతెరువు అయితే ఇంకో రకం. తండ్రి చేసిన దానికి వాళ్లు కొంత, మీరు చాలా నష్టపోయారు. మొత్తం పొలం తీసుకుని, వాళ్లలో ఒకరికి రాతపూర్వకంగా కౌలుకిచ్చిన కుటుంబాలూ ఉన్నాయి. మీకు మనసొప్పితేనే సుమా, నేను చెప్పానని కాదు. ఒకసారి నోటి మాట మీద ఇచ్చి పోగొట్టుకున్న ఇంట్లో ఆ ఆలోచన కష్టంగా ఉంటుందని నాకు తెలుసు.

ఇంకొందరు మిమ్మల్ని హైకోర్టుకు వెళ్లమంటారు. ఆ దారీ ఉంది. రాజ్యాంగం 227వ అధికరణం కింద పిటిషన్ వేస్తే, ఈపీని ఇన్ని నెలల్లో తేల్చమని హైకోర్టు కింది కోర్టుకు చెప్పే అవకాశం ఉంటుంది. అమరావతి దాకా ప్రయాణం, అక్కడ లాయరు ఫీజు భరించగలిగితే అది బాగా పనిచేస్తుంది. కానీ వారసుల పేర్లు చేర్చకుండా, కౌంటరు వెయ్యకుండా వెళ్తే, ఆలస్యం మీవైపుదే కదా అనే మాట అక్కడ ఎదురవుతుంది. ఇక్కడి పనులు పూర్తయ్యాక కూడా వాయిదాలు ఆగకపోతే అప్పుడు వెళ్లండి. ఈలోగా 6 నెలల గడువు గురించి సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుల్ని జతచేసి, త్వరగా తేల్చమని అదే కోర్టులో ఒక మెమో వేయించండి. జడ్జి గారి ముందు మర్యాదగా అడగడంలో తప్పు లేదు.

అన్నీ కలిసొచ్చి అమీనా తేదీ ఇస్తారనుకోండి. ఆ తేదీ ఎప్పుడన్నది చాలా ముఖ్యం. మన వైపు జూలై, ఆగస్టులో ఉభాలు పడితే డిసెంబరుకి కోతలు. ఆ వెంటనే పొలంలో మినుమో పెసరో చల్లేస్తారు. చేలో పంట నిలబడి ఉంటే ఆ పంట ఎవరిదన్న గొడవ వస్తుంది, అమీనా కూడా వెనకాడతారు. మే నెలలో సివిల్ కోర్టులకు సెలవులు. కాబట్టి అపరాలు తీసేసిన మార్చి నుంచి ఏప్రిల్ దాకా ఉన్న సమయం కోసం ఇప్పటినుంచే సిద్ధపడండి. ఆ రోజు సర్వేయరు, పోలీసులు, మీ ముగ్గురిలో కనీసం ఒకరు, ఊళ్లో ఇద్దరు సాక్షులు ఉండాలి. హద్దుల దగ్గర ఫొటోలు, వీడియో తీయించండి. స్వాధీనం చేసినట్టు అమీనా రాసే డెలివరీ రసీదు మీద సంతకం పెట్టేముందు విస్తీర్ణం, హద్దులు చదవండి.

అంతకంటే ముఖ్యం, ఆ సాయంత్రం నుంచి ఆ పొలం ఎవరు చూస్తారన్నది ముందే తేల్చుకోండి. మీరు పొందూరు వైపు, అన్నయ్య విశాఖలో, మీవారు హైదరాబాదులో. అప్పగించిన పొలం ఖాళీగా పడి ఉంటే వాళ్లు మళ్లీ దిగుతారు. అప్పుడు పోలీసు కంప్లైంటు, కొత్త కేసు అంటూ మళ్లీ తిరగాలి. అదే రోజు దుక్కి దున్నించండి, కంచె వేయించండి. ఊళ్లో నమ్మకమైన రైతుకు కౌలుకిస్తే ఈసారి కాగితం రాసి, గడువు వేసి ఇవ్వండి. ఆ రైతు పేరు ఈ శీతాకాలంలోనే ఖాయం చేసుకోండి.

అమ్మగారికి ఏం చెప్పాలని అడిగారు. ఆమె కూడా ఈ డిక్రీకి వారసురాలే. ఆవిడ దగ్గర దాచకండి. వాయిదా పడిందని మాత్రమే చెబితే ఆమెకు అది మొండిచెయ్యిలా వినబడుతుంది. "కౌంటరు వేశామమ్మా, వచ్చే వాయిదాకి వాళ్ల పిటిషన్ మీద వాదనలు" అని చెప్పండి. ఆమెకు నడిచే ఓపిక ఉంటే వకాల్తా మీద సంతకం పెట్టే రోజున కోర్టుకు తీసుకెళ్లండి. ఆ పొలం గట్లు, ఎవరెప్పుడు గింజలు కొలిచారు, ఆ ఆడపిల్ల పెళ్లి ఎప్పుడయింది, ఎవరెవరు సాక్షులున్నారు, ఇవన్నీ మీ కంటే ఆమెకే ఎక్కువ తెలుసు. పసుపు కుంకుమ పిటిషన్‌లో సాక్ష్యం చెప్పాల్సి వస్తే ఆమె మాట పనికొస్తుంది. వయసు దృష్ట్యా ఆమె సాక్ష్యం ముందుగా తీసుకోమని, అవసరమైతే కమిషనరును ఇంటికి పంపమని లాయరు గారి ద్వారా అడిగించండి.

ఈ వారంలో సీఎన్‌ఆర్ నంబరు చూసి వాయిదా దేనికో తెలుసుకోండి. రెండు తీర్పులు, ఈపీ, అమీనా రిపోర్టు, ఆ పిటిషన్, ఈ అయిదింటికీ సర్టిఫైడ్ కాపీల కోసం దరఖాస్తు పెట్టండి. ఆ కాపీలు చేతికొచ్చాక, పేర్లు కొట్టేసి జిరాక్సులు పంపితే, ఈపీ కచ్చితంగా ఏ మెట్టు దగ్గర ఉందో చూసి మళ్లీ రాస్తాను.